గులాబీ రంగు బ్యాలెట్

నాకప్పుడు పదమూడు. ఎవరడిగినా పద్నాలుగని చెప్పమంది అమ్మ.
విస్కాన్సిన్‌లో ఒక మూల ఊరు. ఒక వెన్న కార్ఖానా,
రెండు చర్చిలు, ఒకదాన్లో దేవుడు జర్మన్ మాట్లాడతాడు,
ఇంకోదాన్లో నార్వేజియన్.
రైలు పట్టాల పక్కన హాస్కెల్ గారి ప్రెస్సు.
పొద్దున్నే పొయ్యి రాజెయ్యాలి, రోలర్లు కడగాలి,
నేల మీద పడ్డ అక్షరాలు ఏరి
ఏ గడిలోది ఆ గడిలో వెయ్యాలి.
వారానికి మూడు డాలర్లు.

అక్షరాలు కూర్చేది రగ్నా ట్వెయిట్.
మనిషి ముఖం చూసి మాట్లాడదు, సీసం చూసి మాట్లాడుతుంది.
తలకిందులుగా, అద్దంలోంచి
లోకాన్ని చదవడం ఆవిడకి అలవాటు.
"తిన్నగా ఉంటే తప్పులు దాక్కుంటాయి ఎమిల్,
తిరగేస్తే గానీ బయటపడవు" అనేది.

ఆ ఏడు, పందొమ్మిది వందల పన్నెండు, నలుగురు నిలబడ్డారు.
కుర్చీలో ఉన్నాయన ఒకడు.
కుర్చీ దిగి, మళ్ళీ కావాలని
అలిగి సొంత పార్టీ పెట్టుకొచ్చినాయన ఒకడు.
ఒకాయన పంతులు. ఒకాయన జైలు చూసొచ్చినవాడు.
ఎవరి కరపత్రం చూసినా సంస్కరణే.
ఇంగ్లీషులో ఆ మాటకి రెండు ఆర్‌లు కావాలి,
మా గడిలో ఆర్‌లు అయిపోయాయి.

అక్టోబరులో మిల్వాకీ నుంచి తంతి వచ్చింది.
అలిగినాయన మీద ఎవడో తుపాకీ పేల్చాడట.
జేబులో మడతపెట్టిన ఉపన్యాసం అడ్డుపడి
తూటా లోతుకు దిగలేదట.
రగ్నా చాలాసేపు కాగితపు కట్టని చేత్తో నిమిరింది.
"ఎంత మందమో" అంది. అంతే.

తరవాతి వారమే కౌంటీ ఆఫీసు నుంచి ఆ పని వచ్చింది.
నలుగురి పేర్లకీ తెల్ల కాగితం.
ఆడవాళ్ళకి ఓటు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకి
విడిగా, గులాబీ కాగితం.
మిఠాయి కొట్టు రంగు. పురుటింటి రంగు.
"గుడ్డివాడు కూడా కనిపెట్టి కొట్టేయాలిగా" అని నవ్వాడు హాస్కెల్.
ఆవిడ నవ్వలేదు. "అవును" కూర్చింది, పక్కన "కాదు" కూర్చింది,
రెండిటి మధ్యా సమానంగా
సన్నటి ఇత్తడి రేకు పెట్టింది.

రాత్రి కిరసనాయిలుతో చేతులు తోముకుంటుంటే చూశాను.
ఆవిడవి పది వేళ్ళు, నావి పది వేళ్ళు,
ఇరవై వేళ్ళకీ సిరా.
ఒక్క ఓటు లేదు.

పోలింగుకి నాలుగు రోజుల ముందు ఇన్‌స్పెక్టరు వచ్చాడు.
మాడిసన్‌లో రాసిన కొత్త చట్టం అతని సంచిలో ఉంది.
నేను గులాబీ కట్టల వెనక నక్కాను.
హాస్కెల్ "ఇక్కడ పిల్లలెవరూ లేరండీ" అన్నాడు.
రగ్నా చేతిలో అక్షరం కింద పెట్టి, తలెత్తకుండానే,
"కట్టల వెనక చూడండి" అంది.

మూడు డాలర్లు పోయాయి. ఆ చలికాలం
అమ్మ ఆవిడ పేరు పళ్ళ మధ్య నూరింది.
నేను బళ్ళో, నాకంటే చిన్నవాళ్ళ బెంచీ మీద,
మోకాళ్ళు పట్టక కూర్చున్నాను.
సంస్కరణ అంటే చలి అనుకున్నాను చాలాకాలం.

పంతులు గెలిచాడు. గులాబీ ఓడింది.
మిగిలిన కాగితాలు కార్ఖానా వాళ్ళు కొనుక్కున్నారు.
మా వెన్న బాకీ దాని వెనకే రాసి పంపేవారు.
ముందు వైపు ప్రశ్న అలాగే ఉండేది.

ఎనిమిదేళ్ళ తరవాత, నవంబరులో,
అగ్నిమాపక షెడ్డు ముందు వరసలో
ఆవిడ నా ముందు నిలబడింది.
నాకు ఇరవై ఒకటి, ఆవిడకి యాభై నాలుగు.
ఇద్దరికీ అదే మొదటి ఓటు.
నన్ను గుర్తుపట్టిందో లేదో తెలీదు. నేను పలకరించలేదు,
కోపం కాదు, మాట దొరక్క.

లోపలికి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు.
వెనకాల మగవాళ్ళు గొణిగారు.
బయటికొస్తూ నా దగ్గర ఆగింది.
"రెండో వరస చివర
ఆర్ విరిగింది" అంది. "ఎవరు కూర్చారో."